కిందికి దిగే ట్రాలీ

జూబ్లీహిల్స్,
జూన్ 10

పెద్దమ్మకు,

నీకు ఫోన్‌లో నా మాట వినపడదు, వాట్సాప్ అక్షరాలు కంటికి ఆనవు. బయల్దేరే రోజు ఉత్తరాలు రాయమన్నావు కదా, ఉద్యోగంలో చేరిన మూడు వారాలకి మొదటిది రాస్తున్నాను. తిట్టుకుంటూనే చదువు.

యూసుఫ్‌గూడలో హాస్టల్ దొరికింది. ఆసుపత్రి జూబ్లీహిల్స్ ఎత్తు మీద ఉంటుంది. డైటీషియన్‌గా నాకు ఎముకల వార్డు ఇచ్చారు. ఇరవై ఎనిమిది మంచాలు. ఎవరికి ఎంత పప్పు, ఎంత ఉప్పు, ఎన్ని గుడ్లు అన్నదంతా నేనే నిర్ణయిస్తాను. వంటింట్లో నా చార్టు గోడకి అంటించారు. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసిన నీకు ఇది చిన్న విషయమే కావచ్చు. నాకు మాత్రం చాలా గొప్పగా ఉంది.

పదకొండో మంచంలో కౌసల్య గారని ఒకావిడ ఉన్నారు. యాభై ఎనిమిదేళ్ళు. కృష్ణానగర్‌లో చిన్న గది, ముప్ఫై ఏళ్ళుగా జూనియర్ ఆర్టిస్టు. సినిమా పెళ్ళిళ్ళలో పట్టుచీర కట్టుకుని వెనక వరసలో అక్షింతలు వేసే వాళ్ళలో ఒకరు. ఫిల్మ్‌నగర్‌లో ఒక బంగళాలో షూటింగ్ జరుగుతుంటే తడి మెట్ల మీద జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి పది రోజులైంది. దగ్గర ఉండి చూసుకునే వాళ్ళెవరూ లేరు. పక్క గది అమ్మాయి వీలున్నప్పుడు వచ్చి పోతుంది. అయినా ఫర్వాలేదు. ఎవరు ఎంత తిన్నదీ సిస్టర్లు పూటపూటా ట్యాబ్‌లో నొక్కుతారు, నేను నా గదిలో కూర్చునే చూసుకోవచ్చు. కౌసల్య గారికి రోజూ ‘పూర్తిగా తిన్నారు’ అనే ఉంటోంది.

నువ్వు చెవి మిషను పెట్టుకుంటున్నావా, డబ్బాలోనే దాచావా?

భువన

పిఠాపురం,
జూన్ 15

చిరంజీవి భువనకు,

ఉత్తరం అందింది. మిషను డబ్బాలోనే ఉంది. పెట్టుకుంటే ఈల వేస్తుంది.

నీ చార్టు గోడకెక్కినందుకు నాకూ గొప్పగానే ఉంది. వీధిలో ఇద్దరికి చెప్పాను కూడా. కానీ ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. వంటింట్లోంచి వార్డుకి పైకి వెళ్ళే ట్రాలీ నువ్వు రోజూ చూస్తావు. వార్డులోంచి కిందికి దిగే ట్రాలీ ఎప్పుడైనా చూశావా? గిన్నెల మీద మూతలుంటాయి. తీసి చూడు. మూడు రోజులు వరసగా చూడు. ట్యాబ్ సంగతి తర్వాత.

ఇక్కడ ఒకటే ఉక్కపోత. వాన జాడ లేదు.

శ్యామల పెద్దమ్మ

జూబ్లీహిల్స్,
జూన్ 20

పెద్దమ్మా,

చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

కిందికి దిగిన ఇరవై ఎనిమిది ప్లేట్లలో పదమూడు సగానికి పైగా అలాగే ఉన్నాయి. నాలుగింటికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. అందులో ఒకటి కౌసల్య గారిది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ట్యాబ్‌లో చూస్తే అందరూ పూర్తిగా తిన్నారు.

ఆవిడని కుర్చీ కాటాలో కూర్చోబెట్టి తూయించాను. వచ్చినప్పుడు యాభై రెండు కిలోలు, ఇప్పుడు నలభై ఆరు. కుట్టు దగ్గర చీము పట్టింది, పుండు మానడం లేదు. ఏమీ తినడం లేదేమని అడిగితే కళ్ళు దించుకుని, “తింటున్న బిడ్డా” అన్నారు. సర్జన్ సిద్ధార్థ గారు జులై ఎనిమిది దాకా చూస్తారట. అప్పటికీ బరువు పెరక్కపోతే ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయిస్తామన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆవిడ ముఖం చూడలేకపోయాను.

వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ పేరు వందన. ట్యాబ్‌లో నొక్కేది ఆవిడే. యాజమాన్యానికి ఫిర్యాదు రాశాను, రెండు పేజీలు. నీ జవాబు వచ్చాక ఇస్తాను. ఇవ్వమంటావా?

భువన

పిఠాపురం,
జూన్ 23

భువనకు,

ఇవ్వకు. ఇవ్వొద్దని కాదు, అప్పుడే వద్దంటున్నాను.

సెలవు రోజున కోటు లేకుండా, మెడలో కార్డు లేకుండా వెళ్ళి పదకొండో మంచం పక్కన కూర్చో. పన్నెండు నుంచి మూడు దాకా లేవకు. ఎవరికీ ఏమీ చెప్పకు. చూసింది చూసినట్టు నాకు రాయి. ఆ తర్వాత నీ ఇష్టం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

పెద్దమ్మ

జూబ్లీహిల్స్,
జూన్ 28

పెద్దమ్మా,

నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను.

పన్నెండున్నరకి ప్లేటు వచ్చింది. తెచ్చిన మనిషి దాన్ని గోడవైపు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. కౌసల్య గారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. చెయ్యి చాపితే బల్లకి జానెడు దూరంలో ఆగుతుంది. అంతలో సిద్ధార్థ గారు విద్యార్థులతో వచ్చారు. కట్టు విప్పారు, చూశారు, కట్టారు. చీము వాసన, పక్కనే అన్నం. వాళ్ళు వెళ్ళగానే పక్క మంచం ఆమెని ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. ఆవిడ ప్లేటూ అలాగే ఉండిపోయింది. ఒకటిన్నరకి ఆయా కొమురమ్మ వచ్చి ప్లేట్లన్నీ ఎత్తేసింది. వంటింటివాళ్ళకి అప్పటికి చేరకపోతే ఆమెని అడుగుతారట.

వందన సిస్టర్ ఆ మూడు గంటల్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఇరవై ఎనిమిది మంచాలకి ఇద్దరు నర్సులు. ఒకరు ఆపరేషన్ థియేటర్‌కి రోగిని దింపడానికి వెళ్తే రెండోవారు వందనే. సూదులు, సెలైన్లు, ఫోన్లు అన్నీ ఆవిడే చూసుకుంది. ఒంటిగంటా నలభైకి ట్యాబ్ తీసి ఇరవై ఎనిమిది పేర్లకీ ఒక్క నిమిషంలో నొక్కేసింది. తన టిఫిన్ డబ్బా మూత మాత్రం మూడైనా తెరవలేదు.

ప్లేటు ఎత్తకముందే నేను ముద్ద కలిపి కౌసల్య గారి నోటి దగ్గర పెట్టాను. ఆవిడ పెదాలు బిగించి తల తిప్పుకున్నారు. అది ఆకలి లేని మనిషి తల తిప్పుకోవడం కాదు. చెయ్యి నా వైపు రాబోయి ఆగింది.

రెండున్నరకి ఆవిడ ఒకటే కదులుతున్నారు. బెడ్‌పాన్ కావాలా అని అడిగాను. వద్దన్నారు. కళ్ళలో నీళ్ళు. నాకు పెట్టడం చేతకాదు, వెళ్ళి కొమురమ్మని పిలుచుకొచ్చాను. ఆమె చూపించింది, ఇద్దరం కలిసి పెట్టాం. అంతా అయ్యాక కౌసల్య గారు నా చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెప్పారు.

“తింటే ఎల్లాలె గద బిడ్డా. ఎల్లాల్నంటే పిలవాలె. ఒకపారి పిలిచి పిలిచి పక్క ఖరాబైంది. గింత తినుడెందుకు, గిట్ల చేసుడెందుకు అన్నరు. గప్పటిసంది నోరు కట్టుకున్న.”

ఎవరన్నారని అడిగితే చెప్పలేదు.

నీళ్ళు కూడా తాగడం లేదు పెద్దమ్మా, అదే భయంతో. నేను గదిలో కూర్చుని ఉప్పు లెక్కలు వేసుకుంటున్నాను.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం వెళ్ళి దగ్గర నిలబడుతున్నాను. నా కోసం రెండు ముద్దలు మింగుతున్నారు, అంతే. ఫిర్యాదు సంచిలోనే ఉంది. ఇప్పుడు ఎవరి మీద ఇవ్వాలో నాకు తెలియడం లేదు.

భువన

పిఠాపురం,
జులై 1

భువనా,

ఇంకో ఉత్తరంలో రాస్తానన్నది ఇదే. మీ అమ్మకి తెలియదు. పోయిన మీ పెదనాన్నకీ చెప్పలేదు.

నాకు ముప్ఫై రెండేళ్ళప్పుడు, ఒక పెద్దాసుపత్రి మగవాళ్ళ వార్డులో పనిచేసేదాన్ని. ఏ ఊరన్నది వదిలెయ్యి. రామకృష్ణ అని ఒక నేతపనివాడు చేరాడు. ఇంటి పైకప్పు సర్దుతూ కింద పడి రెండు చేతులూ విరిగాయి. మోచేతుల పైదాకా కట్లు. పెళ్ళాం పురిటికి వెళ్ళింది. తల్లి రెండు రోజులు ఉండి, ఇంటి దగ్గర పిల్లలున్నారని వెళ్ళిపోయింది. మెత్తటి మనిషి. పిలిస్తే పలికేవాడు, తనంతట తాను పిలిచేవాడు కాదు.

అన్నం పళ్ళెం రోజూ వచ్చేది, పొట్ట దగ్గర పెట్టేవారు. ఎవరైనా పెడతారులే అని నేను అనుకునేదాన్ని. నర్సమ్మ పెడుతుందిలే అని ఆయా అనుకునేది. సాయంత్రం కేస్‌షీటులో ‘భోజనం చేశారు’ అని రాసేదాన్ని. నిన్న రాసిన గీత కింద ఇవాళ్టి గీత. అలా పంతొమ్మిది రోజులు రాశాను. పక్క మంచాల వాళ్ళు పెట్టినప్పుడు తిన్నాడు, పెట్టనప్పుడు లేదు. సిగ్గుపడి ఒక్కరినీ అడగలేదు. నీరసించాడు, ఆ తర్వాత ఊపిరితిత్తులకి జ్వరం వచ్చింది. ఇరవయ్యో రోజున పోయాడు.

జ్వరంతో పోయాడని డాక్టరుగారు రాశారు. అది అబద్ధం కాదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. పెళ్ళాం పసిబిడ్డని ఎత్తుకుని వచ్చి నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది, బాగా చూసుకున్నారమ్మా అని.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి వార్డులో భోజనాల వేళ మంచం మంచానికీ తిరిగాను. అందరూ నన్ను మంచి నర్సు అన్నారు. ఆ మంచితనం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఆ రోజుల్లో నా మీద ఎవరైనా ఫిర్యాదు ఇచ్చి ఉంటే, నన్ను తీసేసి ఉంటే, నా బదులు వచ్చినామె కూడా ‘భోజనం చేశారు’ అనే రాసి ఉండేది. అది నా తప్పు కాదని అనడం లేదు. వందనని వదిలెయ్యమనీ అనడం లేదు. ముందు ఆమెనే అడుగు. పన్నెండింటికీ ఒంటిగంటకీ మధ్య నీకు ఏం ఉంటే ఇది జరగదు అని అడుగు. ఆమె కసురుకుంటే అప్పుడు నీ రెండు పేజీలూ ఇచ్చెయ్యి.

పెద్దమ్మ

జూబ్లీహిల్స్,
జులై 9

పెద్దమ్మా,

ముందు మంచి మాట. గొట్టం వెయ్యలేదు.

నీ ఉత్తరం అందిన రోజే డ్యూటీ దిగే వేళకి వందన సిస్టర్ దగ్గరికి వెళ్ళాను. మాటలు తడుముకుంటానని భయపడి ఫిర్యాదే చేతికిచ్చాను. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, ముందు మీరు చదవండి అన్నాను. నిలబడే రెండు పేజీలూ చదివింది. ఇందులో అబద్ధం ఏమీ లేదంది. పక్క పాడైన రోజు కౌసల్య గారిని ఎవరో మాట అన్నారని నేను తర్వాత అంచున చేర్చిన చోట వేలు పెట్టింది.

“ఇది నేనే అన్నాను. రెండు షిఫ్టులు వరసగా చేసి ఉన్నాను. ఇంటికి వెళ్ళేదాకా గుర్తుంది, తర్వాత మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదన్నమాట.”

నువ్వు అడగమన్న ప్రశ్న అప్పుడు అడిగాను. వెంటనే జవాబు చెప్పింది, ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టు. పదకొండున్నరకి ఒక ఆయా అన్ని మంచాల దగ్గరికీ బెడ్‌పాన్ తీసుకుని వెళ్ళి, పిలవకముందే తనే అడగాలి. తర్వాత తలవైపు మంచం ఎత్తి, చేతులు కడిగించి, బల్లని ఒడిమీదికి లాగాలి. పన్నెండున్నర నుంచి ఒంటిగంటా పావు దాకా డాక్టర్లు, ఎక్స్‌రే, కట్లు ఏవీ ఉండకూడదు. ఇంతే కావాలంది. ఆయా ఒక్కరే ఉన్నారు కాబట్టి నేను రోజూ వచ్చి రెండో మనిషినవుతానన్నాను.

మర్నాడు ఉదయం వందన పదకొండో మంచం దగ్గర నిలబడి, ఆ రోజు ఆ మాట అన్నది నేనే, తప్పు నాదే అంది. కౌసల్య గారు ఆమె ముఖంలోకి చూశారు. “నువ్వేం జేస్తవు బిడ్డా ఒక్కదానివి” అన్నారు. ఆ వెంటనే, ఇవాళ అన్నంలోకి ఏం పెడుతున్నారని అడిగారు.

ఏం పెడుతున్నామో నా చార్టు చూస్తే నాకే సిగ్గేసింది. ఓట్స్, ఉప్పులేని సూపు. ఆవిడ జన్మలో ఎన్నడూ తినని తిండి. ఏం తింటారని నేను ఒక్కసారీ అడగలేదు. పచ్చిపులుసు కావాలన్నారు. మా వంటమనిషికి రాదు. కొమురమ్మ వంటింట్లోకి దిగి చింతపండు పిసికి, ఉల్లిపాయ తరిగి చేసి చూపించింది. ఆ రోజు కౌసల్య గారు పచ్చిపులుసు అన్నం, రెండు గుడ్లు తిన్నారు. నేను ముద్దలు లెక్కపెట్టలేదు, ఆవిడకి ఇబ్బందని పక్కకి చూస్తూ కూర్చున్నాను.

రెండో రోజు అసలు పరీక్ష. పన్నెండూ నలభైకి సిద్ధార్థ గారు విద్యార్థులతో వచ్చారు. వందన సెలైన్ మారుస్తోంది, నా రెండు చేతులకీ అన్నం. కొమురమ్మ తలుపు దగ్గరికి నడిచి, “తింటున్నరు సార్. జర ఆగుండ్రి” అంది. పదేళ్ళుగా ఆమె గొంతు ఆ వార్డులో ఎవరూ విని ఉండరు. ఆయన ముఖం ఎర్రబడింది. విద్యార్థులతో సహా వెనుదిరిగి వెళ్ళిపోయారు. ముగ్గురి ఉద్యోగాలూ పోయాయనుకున్నాం. మర్నాడు ఒంటిగంటా ఇరవైకి వచ్చారు. కట్టు విప్పేముందు మూత తీసి ప్లేటు చూశారు.

ఎనిమిదో తారీఖున బరువు నలభై ఆరు కిలోల మూడు వందల గ్రాములు. ‘గొట్టం అవసరం లేదు’ అని ఆయన తన చేత్తో కేస్‌షీటులో రాశారు.

ఫిర్యాదు కింద వందన తన మాటగా ఇంకో పేజీ రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి యాజమాన్యానికి ఇచ్చాం. ఏమంటారో చూడాలి.

భువన

పిఠాపురం,
జులై 14

భువనకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కొమురమ్మ గారికి నా నమస్కారం చెప్పు.

నేను రాసిన దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. నీ జవాబు వచ్చేదాకా పోస్టుమాన్ వస్తే గేటు దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. మంచిదో చెడ్డదో, ఏదో ఒకటి రాయి.

పెద్దమ్మ

జూబ్లీహిల్స్,
ఆగస్టు 6

పెద్దమ్మా,

నిజం రాస్తాను. నాకు కోపం వచ్చింది. చిన్నప్పుడు జ్వరం వస్తే పక్కన కూర్చుని చెంచాతో జావ పట్టిన నువ్వు, ఆ రామకృష్ణకి ఒక్క ముద్ద ఎందుకు పెట్టలేదని ఆ రాత్రంతా నీ మీద కోపంగానే ఉన్నాను. వందన కౌసల్య గారి ముందు నిలబడిన రోజు నాకు నువ్వు గుర్తొచ్చావు. నువ్వు అలా నిలబడటానికి ఎదురుగా మనిషి లేకుండా పోయాడు కదా అనిపించింది. అప్పటినుంచి కోపం లేదు. ఏం రాయాలో తెలియక ఇంత ఆలస్యం చేశాను.

కౌసల్య గారు ముప్ఫయ్యో తారీఖున ఇంటికి వెళ్ళారు. పుండు మానింది. బరువు నలభై ఎనిమిదిన్నర. వాకర్ పట్టుకుని లిఫ్ట్ దాకా తనే నడిచారు. మళ్ళీ షూటింగులకి వెళ్తారా అని వందన అడిగితే, కూర్చునే వేషాలుంటే వెళ్తానన్నారు.

యాజమాన్యం మధ్యాహ్నాలకి మాత్రం ఇంకో ఆయాని ఇచ్చింది. మా వార్డుకే. పై రెండు అంతస్తుల్లో అంతా పాత పద్ధతే. ఆ వార్డుల నర్సులని కూడా కూర్చోబెట్టి చెప్పాలని వందన అనుకుంటోంది. అంకెలు నేను చెబుతాను. కానీ అంకెలు విని ఎవరూ మారరు, నేనూ మారలేదు. నువ్వు వస్తావా? నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. మా పెద్దమ్మ నర్సు అని మాత్రమే చెప్పాను. చెప్పేదీ మానేదీ నీ ఇష్టం. వినపడదని వంక పెట్టకు, అక్కడ నువ్వు వినాల్సింది ఏమీ లేదు.

భువన

పిఠాపురం,
సెప్టెంబర్ 2

చిరంజీవి భువనకు,

క్షేమంగా చేరాను. రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది.

మీటింగులో జరిగింది నువ్వు పక్కనే ఉండి చూశావు. రామకృష్ణ పేరు పైకి అనడం నా జన్మలో అదే మొదలు. మధ్యలో నాకు ఏడుపొస్తే వందన నీళ్ళ గ్లాసు ఇచ్చి మాట తప్పించకుండా నన్నే పూర్తి చెయ్యనిచ్చింది చూడు, ఆ అమ్మాయి మంచి నర్సు. చివర్లో నలభై మందీ లేచి వెళ్ళిపోతుంటే, వాళ్ళకి నేను నచ్చలేదనుకున్నాను. భోజనానికి వెళ్దాం రమ్మని నువ్వు పిలిచావు. చేతులు కడుక్కుని వస్తానని ఆగాను కదా. నేను ఆలస్యంగా వస్తే ఎక్కడికి వెళ్ళావని అడిగావు, దారి తప్పానని చెప్పాను. అది అబద్ధం.

కుళాయి దగ్గర పై అంతస్తు నర్సు ఒకమ్మాయి నా వెనకే వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయేమో. పేరు అడగకు, చెప్పను. ఏదో అంది, నాకు వినపడలేదు. మళ్ళీ అంది. చెవి చూపించి తల ఊపాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, గోడకి ఆనించి రాసి నా చేతికి ఇచ్చింది.

‘పంతొమ్మిదో మంచం తాతగారు ఈ పూట తినలేదు. మీటింగుకి ఆలస్యమవుతోందని తిన్నారని నొక్కేశాను.’

చదివాక ఆ పిల్ల ముఖం చూశాను. నేను తిడతాననో, ఓదారుస్తాననో చూస్తోంది. గోడ మీద గడియారం రెండూ పది చూపిస్తోంది.

“ఇంకా పూట దాటలేదమ్మా, వెళ్ళు” అన్నాను.

వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళి వార్డు తలుపు దగ్గర నిలబడ్డాను. మంచం తలవైపు ఎత్తింది. చేతులు కడుక్కుని వచ్చింది. ఆయన చేతులు తడిగుడ్డతో తుడిచింది. ప్లేటు అప్పటికే దించేసినట్టున్నారు, ఎక్కడినుంచో గిన్నెలో పెరుగన్నం తెచ్చింది. పక్కన కూర్చుని చెంచా ఎత్తింది. ముసలాయన ఆమెతో ఏదో అన్నాడు. ఆమె ఏదో జవాబు చెప్పి నవ్వింది. ఆ దూరం నుంచి నాకు ఒక్క మాట వినపడలేదు.

ఆయన నోరు తెరిచాడు.

శ్యామల పెద్దమ్మ